సున్నం మేస్త్రీ, ఊళ్ళో ఎడమ చెవులూ

సున్నం మేస్త్రి ఆ ప్రయోగశాల ఉద్యోగంలోకి నిచ్చెన మీంచి దిగి వచ్చాడు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. డైరెక్టరు గారి గదికి సున్నం వేయడానికి వచ్చి, పైమెట్టు మీద కూర్చుని బ్రష్షు పిండుకుంటూంటే, కింద డైరెక్టరు గారూ ఇంకో ఇద్దరు పెద్దమనుషులూ ఒక పెద్ద లోహపు బంతి చుట్టూ చేరి వాదించుకుంటున్నారు. రెండు చేతులూ బార్లా చాపినా కౌగిట్లో ఇమడని గోళం అది. లోపలంతా తెల్ల పూత, లోపలే ఒక దీపం, వెలుగు కొలిచే ఒక మీటరు, పక్కన మనిషి భుజాలు పట్టేంత కంత.

"పూత బ్రహ్మాండంగా కుదిరింది" అన్నాడు ఒకాయన.

"మీటరు కూడా అదే చెబుతోంది" అన్నాడు రెండో ఆయన.

మేస్త్రి నిచ్చెన మీంచే మెడ సాచి కంతలోకి చూశాడు. "అయ్యా, దాని నడినెత్తిన జ్వరం తగిలింది. రేపటికల్లా పొక్కు లేస్తుంది చూడండి" అన్నాడు.

గోడకి సున్నం వేసేవాడు గోళం జాతకం చెప్పడమేమిటని ముగ్గురూ నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున సరిగ్గా నడినెత్తిన, రూపాయి బిళ్ళంత మేర పూత పొక్కి ఊడింది. ఆ వారంలోనే మేస్త్రికి ఉద్యోగం ఇచ్చారు. హోదా పేరు 'అంతర్గోళ పూత సహాయకుడు'. ఎవరికి సహాయకుడో మాత్రం రాయలేదు. ఆ విభాగంలో ఇంకెవరూ లేరు.

ఆ గోళం పని కెమెరాలకు తెలుపు నేర్పడం. ప్రతి కెమెరా లోపలా వెలుగును పట్టే చుక్కలు లక్షల్లో ఉంటాయి. అవన్నీ ఒక్కలా చూడవు. ఒకటి చురుకైనది, ఒకటి మందకొడి. అందుకని కొత్త కెమెరాను గోళం కంత ముందు పెట్టి, ఎక్కడా మచ్చలేని, అంతటా సమానమైన తెలుపు చూపిస్తారు. "ఇదంతా ఒకే తెలుపు. నీకు ఎక్కడైనా మసకగా కనిపిస్తే అది నీ కంటి లోపం, అక్కడ కాస్త వెలుగు పెంచుకో" అని దానికి చెప్పడమన్నమాట. కెమెరా బుద్ధిగా రాసుకుంటుంది. బతికినంత కాలం ఆ మాట జవదాటదు.

కాబట్టి గోళంలో తెలుపు నిజంగా సమానంగా ఉండాలి. మేస్త్రి నడుము దాకా కంతలోకి దూరి, ఊపిరి బిగబట్టి, పూత మీద పూత పదకొండు పూతలు వేసేవాడు. తల బయటికి తీస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. తెలుపులో తేడా పట్టడంలో అతని కంటికి ఎదురులేదు. ఇంట్లో మాత్రం ఆ కన్ను పెద్ద తద్దినం. భార్య బడిలో లెక్కల టీచరు. ఆరేసిన దుప్పట్ల ముందు భర్త నిలబడి, "ఇది నిన్నటి తెలుపు, ఇది మొన్నటిది" అంటూంటే ఆవిడ వినీ విననట్టు లోపలికి వెళ్ళిపోయేది.

చేరిన మొదటి నెలలోనే మేస్త్రి డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి ఒక సంగతి చెప్పాడు. దీపం నేరుగా కెమెరా కంట్లో పడకుండా దాని ముందు ఒక చిన్న రేకు అడ్డుగా ఉంది. ఆ రేకు చాటున, కింద కుడి మూల తెలుపు కాస్త నిద్రపోతోంది.

"మీటరు చెప్పట్లేదే?" అన్నారు డైరెక్టరు గారు.

"మీటరు ఎదురు గోడకి బిగించి ఉంది కదండీ. అది ఎంతసేపూ బాగున్న చోటే చూస్తోంది."

ఆ గోళాన్ని గీసింది డైరెక్టరు గారే. అందులో ఆ రేకంటే ఆయనకి మరీ ప్రాణం. మేస్త్రి మాట పెడచెవిన పెట్టి, టీ తాగి వెళ్ళమన్నారు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

పన్నెండో ఏడు మొదట్లో టీచరమ్మకి కొత్త గుర్తింపు కార్డు వచ్చింది. ఆవిడ కార్డు పట్టుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఏమండీ, నా చెవికేమైంది? లోపల బల్బు పెట్టినట్టుంది!"

మేస్త్రి చూశాడు. మనిషి బాగానే పడింది. ఎడమ చెవి మాత్రం ధగధగ మెరుస్తోంది. గబగబా తన పాత కార్డు తీశాడు. అందులోనూ అంతే. ఇన్నేళ్ళుగా జేబులో వేసుకు తిరుగుతూ ఒక్కనాడూ చూసుకోలేదు. మన కార్డులో మన మొహం ఎవరు చూసుకుంటారు? కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు వీధంతా తిరిగి కార్డులు అడిగి చూశాడు. కూరగాయలావిడ చెవి వెలుగుతోంది. తాళాలు బాగుచేసేవాడి చెవీ వెలుగుతోంది.

సెలూన్ ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు. "మీరు ఇవాళ చూశారా? నేను ఏళ్ళ తరబడి చూస్తున్నా. ఫోటోకి వెళ్ళేముందు జనం నా దగ్గరికొచ్చి, ఎడమ చెవి మీదికి కాస్త జుట్టు వదలమంటారు. ఊరి నీళ్ళలో ఏదో ఉందని నేను అనుకుంటున్నా."

నీళ్ళలో ఏమీ లేదు. గుర్తింపు కార్డుల ఆఫీసు కెమెరాలన్నిటికీ తెలుపు నేర్పింది ఆ గోళమే. కుడి మూల మసకను కెమెరాలు తమ లోపమే అనుకుని, అక్కడ వెలుగు పెంచుకోవడం అలవాటు చేసుకున్నాయి. ఫోటోకి కూర్చున్న మనిషి ఎడమ చెవి సరిగ్గా ఆ చోటే పడుతుంది. అంటే పదకొండేళ్ళుగా ఊరందరి చెవులూ వెలిగించింది తన పూతేనన్నమాట. మేస్త్రి ఆ పూట అన్నం కెలికి లేచిపోయాడు.

మర్నాడు డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళలేదు. కొత్తగా చేరిన ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళి, ఏడు కార్డులు బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. ఆవిడకి మాటలు తక్కువ. కార్డులు చూసింది, మేస్త్రిని చూసింది, గోడకి బిగించిన మీటరు ఊడదీసి ఒక కర్ర చివర కట్టింది. గోళం లోపల మూలమూలకీ తిప్పింది. కింద కుడి మూలకి వచ్చేసరికి ముల్లు పడిపోయింది.

"వందకి నాలుగు తక్కువ. మీరు కంటితోనే పట్టారా?"

"పదకొండేళ్ళ క్రితం పట్టానమ్మా. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వినే చెవి దొరకలేదు."

అక్కణ్ణించి ఏడాది పాటు ఇద్దరూ ఆ గోళం మీదే పడ్డారు. ఒక్క దీపం తీసేసి నాలుగు చిన్న దీపాలు, కంత అంచునే, కెమెరాకి కనపడకుండా లోపలి గోడకేసి తిప్పి పెట్టారు. రేకుతో పనే లేకుండా పోయింది. కంత కూడా కాస్త చిన్నదైంది. మేస్త్రి నడుము దాకా దూరడం కుదరక, పొడుగు కాడల బ్రష్షులు తనే తయారుచేసుకున్నాడు. డైరెక్టరు గారు మొదట్లో మూతి ముడుచుకున్నా, తీరా కొలత వందకి అర వంతు లోపుకి వచ్చేసరికి, రేకు తీసేయాలన్న ఆలోచన తనకి మొదట్నించీ ఉందని అందరికీ చెప్పారు. పాత గోళాన్ని రెండు చిప్పలుగా కోయించి, పూత గీకించి, ఇంట్లో పూలమొక్కలు పెట్టుకున్నారు.

కార్డుల ఆఫీసు కెమెరాలన్నీ కొత్త గోళం ముందు మళ్ళీ పాఠం నేర్చుకున్నాయి. మొట్టమొదట మేస్త్రే వెళ్ళి పాత కార్డు ఇచ్చేసి కొత్తది తీయించుకున్నాడు. చెవి చెవిలాగే ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని ప్రయోగశాల గేటు దగ్గరికి ఠీవిగా వచ్చాడు.

గేటు ఆయన కార్డు తీసుకుని, ఒక చిన్న పుస్తకం తెరిచి, మళ్ళీ కార్డు చూశాడు.

"మేస్త్రిగారూ, చెవి ఏది?"

"ఇదిగో" అని మేస్త్రి తన చెవి పట్టుకుని చూపించాడు.

"అది కాదండీ. కార్డులో చెవి. వెలగట్లేదు."

"వెలగకూడదు. మేం బాగుచేసిందే అది!"

గేటు ఆయన పుస్తకం తిప్పి చూపించాడు. 'అసలైన కార్డును గుర్తించు విధానము' అని ఉంది. నాలుగో వరసలో 'ఎడమ చెవి వెలుగుచుండవలెను. వెలగనిచో అది దొంగ కార్డు.' పన్నెండేళ్ళలో దొంగ కార్డులు చేసేవాళ్ళకి ఆ చెవి కిటుకు తెలియలేదు. తనిఖీ వాళ్ళకి తెలిసింది. ఊళ్ళో ప్రతి గేటు దగ్గరా ఆ పుస్తకం ఉంది.

"నన్ను పన్నెండేళ్ళుగా చూస్తున్నావు కదయ్యా!"

"చూస్తున్నా. మీరు మీరేనని నాకు తెలుసు. కానీ నేను తనిఖీ చేసేది మిమ్మల్ని కాదు కదా, కార్డుని. పోనీ, సందర్శకుడిగా రాసుకుంటాను రండి. ఏ విభాగానికి?"

"అంతర్గోళ పూత."

"అయితే ఆ విభాగం ఉద్యోగి ఎవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. ఎవరున్నారు అక్కడ?"

"నేనే."

గేటు ఆయన ఫోను తీసి మేస్త్రి గదికి చేశాడు. చాలాసేపు మోగింది. "ఎత్తట్లేదండీ. ఆయన ఇంకా వచ్చినట్టు లేదు. కూర్చోండి, రాగానే పంపిస్తా" అన్నాడు ఎంతో మర్యాదగా.

మేస్త్రి బల్ల మీద కూర్చున్నాడు. పది దాటింది, పదకొండు దాటింది. మనిషిని ఇంతసేపు కూర్చోబెట్టడం ఏం పద్ధతని అతనికి తన మీద తనకే కోపం వచ్చింది. పన్నెండింటికి ఇంజనీరమ్మ వెతుక్కుంటూ వచ్చి, సంగతి విని, వాదించలేదు. పక్కనున్న సామాన్ల గేటుకి తీసుకెళ్ళి అక్కడి పుస్తకంలో 'కొలత పరికరం, ఒకటి, బరువు అరవై రెండు కిలోలు' అని రాసి సంతకం పెట్టి లోపలికి తీసుకుపోయింది. అక్కడ చెవి అడగలేదు. నాలుగు రోజులు మేస్త్రి అలాగే పరికరంగా లోపలికొచ్చి, సాయంత్రం రసీదు మీద బయటికెళ్ళాడు. ఐదో రోజు సామాన్ల గేటు ఆయన, ఈ పరికరానికి ఏటేటా చేయించాల్సిన తనిఖీ అయిందా అని అడిగాడు.

నెల తిరిగేసరికి కార్డుల ఆఫీసరు ఊడిపడ్డాడు. సన్నటి మనిషి, చంకలో ఆ చిన్న పుస్తకాల కట్ట. డైరెక్టరు గారి గదిలో ఆయన ఒక పక్క, ఇంజనీరమ్మా మేస్త్రీ ఒక పక్క కూర్చున్నారు.

"పన్నెండేళ్ళ కార్డులన్నీ ఒకలా ఉన్నాయి. మీరు గోళం మార్చాక ఇచ్చిన నలభై వేలు ఇంకోలా ఉన్నాయి. ఏవి తప్పు?" అన్నాడు ఆఫీసరు.

"పాతవి" అంది ఇంజనీరమ్మ.

"ఊరంతా ఒకలా ఉంటే అది తప్పెలా అవుతుందమ్మా? మా చెవి మాకిచ్చేయండి."

"చెవి ఇవ్వడమేంటి? ఆ పుస్తకంలో ఒక్క వాక్యం కొట్టేయండి."

"కొట్టేయాలంటే కమిటీ వేయాలి. వేశాం కూడా. సభ్యులందరూ ఈ నెల్లోనే కొత్త కార్డులు తీసుకున్నారు. సమావేశం గదిలోకి ఒక్కర్నీ రానివ్వట్లేదు."

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని, గోళం డిజైనును ఇంకా మెరుగుపరచవచ్చనీ, అంటే పాత మసక ఉన్నది ఉన్నట్టుగా, వందకి అర వంతు తేడా కూడా లేకుండా మళ్ళీ తెప్పించవచ్చనీ సెలవిచ్చారు. మసక ఎంత ఉండాలో లెక్క ఎక్కడికీ పోలేదు. గిడ్డంగిలో పాఠం మార్చని పాత కెమెరాలు రెండు ఉన్నాయి, వాటి పొట్టలో భద్రంగా ఉంది. ఆ లెక్కను పూతగా మార్చగల చెయ్యే కావాలి. అందరూ మేస్త్రి వైపు తిరిగారు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "మరకలు తీసి బతికినవాణ్ణి నేను. మరక పెట్టమంటారా? నా వల్ల కాదు" అని వచ్చేశాడు.

మూడు రోజులు ఇల్లు కదల్లేదు. నాలుగో రోజు పొద్దున, బడికి బయల్దేరుతూ టీచరమ్మ గుమ్మంలో ఆగింది.

"మా డ్రాయింగ్ టీచరు ఉంది కదా, ఆవిడ కార్డూ కొత్తదే. లైబ్రరీలోకి రానివ్వట్లేదు. గేటు బయట నిలబడితే లోపల్నించి ఎవరో ఒకరు కిటికీ దగ్గరికొచ్చి ఆవిడకి పేజీలు చదివి వినిపిస్తున్నారు. నిన్న ఒకాయన మంచి పట్టులో ఉండగా టైమైందని వెళ్ళిపోయాడట. రాత్రంతా ఆ కథ ఏమైందోనని ఆవిడకి ఒకటే బెంగ."

"అయితే నన్నేం చేయమంటావు? మేం చూపించే తెలుపు నిజం."

"నిజమే. కాదన్నానా? కానీ ఆవిడా నిజమే కదండీ. గేటు బయట నిలబెట్టేశారు మనిషిని."

ఆవిడ వెళ్ళిపోయింది. మేస్త్రి చాలాసేపు ఆరేసిన దుప్పట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చొక్కా తొడుక్కుని సామాన్ల గేటు దారి పట్టాడు.

గోళం గోడ మీద మాత్రం చెయ్యి పెట్టనన్నాడు. దానికి ఒప్పుకుంటేనే పని. అరచెయ్యంత పలచటి పలక ఒకటి కోయించాడు. కింద కుడి మూల, గోడకి ఒక చిన్న కొక్కెం. కార్డుల ఆఫీసు కెమెరా వస్తే పలక తగిలిస్తారు, ఆసుపత్రి కెమెరానో రోడ్లు కొలిచే కెమెరానో వస్తే తీసేస్తారు. గోళం గోళంలాగే ఉంటుంది. ఇంజనీరమ్మ బొమ్మ గీసి, కొక్కెం ఎంత పొడుగుండాలో, పలక ఎంత వంపుండాలో లెక్కగట్టింది. వంపు ఏమాత్రం తప్పినా చెవి వదిలేసి దవడ వెలిగింది. ఒకసారి ఆవిడ ఫోటోలో కనుబొమ వెలిగింది.

పూత సంగతి మేస్త్రిది. తెలుపులో చిటికెడు మసి. చిటికెడంటే మళ్ళీ ఎంత? ముప్పై ఏడు పలకలు పూశాడు. మంచి తెలుపు కలపడం చేతనైనవాడికి సరిగ్గా అంతే చెడ్డ తెలుపు కలపడం ఇంత కష్టమని అతను కలలో కూడా అనుకోలేదు. ఒకటి మరీ దిగులుగా వచ్చేది, ఇంకోటి మరీ హుషారుగా ఉండేది. తల ప్రాణం తోకకొచ్చింది. ముప్పై ఎనిమిదోది ఆరాక, కిటికీ వెలుగులో పెట్టి చూసి, "ఇదేనమ్మా. ఇది ఆ పాత నిద్రే" అన్నాడు. ఇంజనీరమ్మ పాత కెమెరాల లెక్కతో పోల్చి చూసింది. తేడా వందకి పావు వంతు. కొత్త గోళం తెలుపులో కూడా అంత నిక్కచ్చి రాలేదు.

కాగితాల మీద దాని పేరు 'ప్రామాణిక వామకర్ణ ఫలకం' అని పడింది. దానికో పెట్టె, పెట్టెకో తాళం, తాళానికో పుస్తకం. నలభై వేల కార్డులూ మళ్ళీ తీశారు. డ్రాయింగ్ టీచరు లైబ్రరీలోకి వెళ్ళి ఆ కథ చివరికంటా చదివి, ఇంతోటి ముగింపుకా నేను అన్ని రోజులు బెంగపెట్టుకున్నది అనుకుందట. మేస్త్రి చెవి కూడా మళ్ళీ వెలిగింది. గేటు ఆయన లేచి నమస్కారం పెట్టి, "ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళిపోయారండీ? మీ కోసం ఒకాయన వచ్చి పొద్దుట్నించీ కూర్చున్నాడు ఒకరోజు" అన్నాడు. ఎకసెక్కమో నిజమో అతని మొహంలో తెలియలేదు.

కమిటీ తర్వాత కూర్చుంది. ఫలకం ఇంత చక్కగా పనిచేస్తున్నప్పుడు పుస్తకంలో వాక్యం కొట్టేయడం దేనికని తీర్మానించి, టీ తాగి లేచింది.

ఇంజనీరమ్మకి ఆ తీర్మానం మింగుడు పడలేదు. చాలా ఉత్తరాలు రాసింది. మేస్త్రి మాత్రం ఊరుకున్నాడు. ఆసుపత్రి కెమెరాలు వచ్చే రోజుల్లో కొక్కెం మీంచి పలక తీసి పెట్టెలో పెట్టి, ఖాళీ గోళంలోకి ఒక్క నిమిషం ఊరికే చూసేవాడు. అందులో ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలిసేది కాదు. ఆ ఒక్క నిమిషం అతనికి చాలు.

మరి ఐదేళ్ళకి, రిటైరయ్యే ముందు, తన చోట ఎవర్ని పెట్టాలో మేస్త్రినే చూడమన్నారు. ముగ్గురు వచ్చారు. ఒకతను కార్లకి రంగు వేసేవాడు, ఒకాయన బొమ్మలు గీసేవాడు, మూడో ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. మేస్త్రి వాళ్ళకి బ్రష్షు ఇవ్వలేదు. గోడకి ఆరు తెల్ల పలకలు ఆనించి, రోజూ గంటసేపు చూడమన్నాడు. "ఏం చూడాలి?" అంటే, "చూడండి" అన్నాడు. రెండో రోజుకి కార్ల రంగు అతను వెళ్ళిపోయాడు. బొమ్మలాయన పలకల మీద మంచి మంచి మాటలు చాలా చెప్పాడు. ఇస్త్రీ ఆవిడ నోరు విప్పలేదు. ఐదో రోజు వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, సిగ్గుపడుతూ నాలుగో పలక కేసి వేలు చూపించింది.

"తప్పయితే ఏమీ అనుకోకండి. ఇది కాస్త అలిసినట్టుందండీ."

మేస్త్రి ఆ పలక తీసి వెనక్కి తిప్పి, తను రాసుకున్న పూతల లెక్క చూశాడు. మిగతా అయిదింటికీ పదకొండు పూతలు, దానికి పది.

"రేపు పొద్దున తొమ్మిదికి రండి. తలకి గుడ్డ కట్టుకుని రండి, జుట్టు మీదంతా పూత పడుతుంది" అన్నాడు.